గోడ మీది వడ్డీ

బ్యాంకులో హోమ్‌లోన్ ఆఫీసరు ఎదుట కూర్చున్న బోర్డుల పెయింటరు, రంగు అంటిన చేతులు బల్ల కింద దాచుకున్నాడు.

"మేడమ్, మా తోడల్లుడికి ఎనిమిదిన్నర వడ్డీ, నాకేమో తొమ్మిదిన్నర. నేనేం పాపం చేశానండీ?"

"పాపమేం లేదండీ. తగ్గించమని మీరు అడగలేదు, అంతే. పాతవాళ్ళకి అడిగితేనే తగ్గిస్తాం."

"అడగాలని ఎవరో ఒకరు చెప్పాలిగా?"

"బయట గోడ మీద అంతంత అక్షరాలతో రాయించాం కదా! ఎనిమిదిన్నర శాతం, పాత ఖాతాదారులు కూడా అడగవచ్చు అని. ఏడాదైంది."

అతను నెత్తి గోక్కున్నాడు.

"ఆ గోడ రాసింది నేనే మేడమ్."

"మీరా! మరి చదవలేదా?"

"అక్షరానికింత అని బేరం. లెక్కపెట్టుకుంటూ రాశాను. 'పాత ఖాతాదారులు' వంకరపోయిందని చెరిపి రెండోసారి కూడా రాశాను. ఆ పాతవాడు నేనేనని తట్టలేదు."

ఆమె నవ్వాపుకుంటూ దరఖాస్తు ముందుకు జరిపింది.

"సంతకం పెట్టండి. అన్నట్టు, సోమవారం నుంచి వడ్డీ ఎనిమిదికి దిగుతోంది. గోడ మీద మార్చాలి."

"మారుస్తాను. ముందు నా కాగితం మీద మార్చండి మేడమ్, దాన్ని చూసి గోడ మీద రాస్తాను."