పదకొండో గిన్నె

ఇనుప రజను ఊడ్చి, తన్నులు తిని పని నేర్చుకున్నవాణ్ణి నేను. నా లేత్ మీద తిరిగిన గిన్నెలో తప్పుందంటే ఒళ్ళు మండుతుంది.

పొద్దున్నుంచి ఈ టీకొట్టు ఎదురుగా మా ఫ్యాక్టరీలో గొట్టానికి పవర్ ఎక్కిస్తున్నారు, ఎక్కించిన ప్రతిసారీ మెరుపు కొట్టి ఆగిపోతోంది. పెద్ద ఇంజనీరు తప్పంతా కొలిమి మీదకి నెట్టాడు. కొలిమి చూసేదెవరు? ఇదిగో, టీ ముట్టకుండా కూర్చున్న నా బావమరిది. సాయంత్రంలోగా కారణం తేలకపోతే రేపటి నుంచి పనిలోకి రావద్దన్నారు వీణ్ణి. ఇద్దరు పిల్లలు. తాగరా, చల్లారిపోతోంది.

ఆ గొట్టం ఏంటంటావా డ్రైవర్ తమ్ముడూ? నువ్వు ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సింది దాన్నే, కణితిని కాల్చే యంత్రానికి గుండె. మధ్యలో చిల్లున్న ముప్పై రాగి గిన్నెలు పేర్చి, కొలిమిలో వెండితో అతికిస్తాం. ఎలక్ట్రాన్లు ఆ చిల్లుల్లోంచి పరిగెడుతుంటే ఒక్కో గిన్నె వీపు మీద చరిచి ముందుకు తోస్తుంది. వెంట్రుకలో నూరోవంతు తేడా వచ్చినా తోపు తప్పుతుంది.

ఓసారి కొలిచే యంత్రం పాడైంది. లేత్ చప్పుడు విని, కోత లోతైందని చెప్పా. బాగుచేసి చూస్తే నేనన్నదే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? యంత్రానికి అనుమానమొస్తే నన్ను పిలవడం మొదలెట్టారు. సముద్రాలు దాటొచ్చిన నిపుణుడు తన కొలబద్దని నా చెవి దగ్గర పెట్టి సరిచేసుకెళ్ళాడు. ఊపిరి తగిలినా రాగి వేడెక్కి కొలత మారుతుంది కదా, అందుకని పొద్దున పీల్చిన గాలి భోజనాలప్పుడు వదులుతా.

"మరి పొద్దంతా మా కొట్టు దాకా వినపడే తిట్లు ఎవరివి మేస్త్రీ?" అంది టీకొట్టావిడ.

అవి ముక్కుతో తిట్టినవి చెల్లెమ్మా, నవ్వకు. అసలు సంగతి విను. ఈ గొట్టం గిన్నెలు ముప్పైనీ యంత్రం పాస్ చేసింది. నేను నమ్మలేదు. కొలిమికి పంపే ముందు కళ్ళు మూసుకుని ఒక్కోటీ తడిమా. పదకొండోదాంట్లో, యంత్రం తాతకి కూడా దొరకని గరుకు నా బొటనవేలికి దొరికింది. రెండుసార్లు రుద్దా, అంతే. ఎలక్ట్రాను ఆగి తల దువ్వుకుని పోయేంత అద్దమైంది.

బావమరిది తలెత్తాడు. "యాసిడ్‌లో కడిగాకా బావా?"

కడిగాకే.

"చేతికి తొడుగు వేసుకునే ఉన్నావుగా?"

తొడుగేసుకుంటే వేలికేం తెలుస్తుందిరా?

"మెరుపు కొడుతున్నది పదకొండో గిన్నెలోనే. మధ్యాహ్నం తేల్చారు. లోపల ఏదో మాడిన మరకుందట. నేను కొలిమి శుభ్రం చెయ్యలేదంటున్నారు."

డ్రైవర్‌కి అర్థం కాలేదు. టీకొట్టావిడ అతనికి మెల్లగా చెప్పింది, కడిగిన రాగికి వేలి జిడ్డు అంటితే చాలని, కొలిమిలో అదే మాడుతుందని.

...నాకు చెప్పొద్దమ్మా, తెలుసు. మా ఫ్యాక్టరీలో ఆ మాట అందరికీ నేర్పింది నేనే.

అలా చూడకురా. నువ్వు అరిచినా బాగుండును. లే, పద. వాళ్ళు కాగితం మీద నీ పేరు రాసేలోపు వెళ్దాం. నువ్వేం మాట్లాడొద్దు. నేనే ఈ వేలు చూపిస్తా.