అరగంట నిలబడాలి

ఆల్ప్స్ మంచుకొండల ఊరు షామొనీలో స్కీ బూట్ల కొట్టు అక్కది. కొండ గైడుగా పనిచేసే తమ్ముడైనా సరే, కొత్త బూట్లతో అరగంట నిలబడితేగానీ ఆమె అమ్మదు.

"ఇంత గట్టివి, ఇంత ఇరుకువి ఎందుకురా?"

"కొండెక్కించే లిఫ్టు దగ్గర స్కీ పాఠాలు చెప్పడానికీ, కొండ వెనక మంచులోకీ ఇవే అక్కా. రెండు జతలు మోసే ఓపిక లేదు."

"ఎడమకాలు?"

"బూటు నొక్కి పిప్పి చేస్తోంది. అలవాటైపోతుందిలే."

"కుడికాలు?"

"హాయిగా ఉంది."

"ఆ బూటు విప్పి, లోపల చెయ్యి పెట్టి చూడు."

"ఇదేంటి, చెర్రీ గింజ!"

"వేళ్ల కింద నేనే వేశాను. పోయిన చలికాలం మంచులో చిక్కుకున్నప్పటి నుంచీ ఆ వేళ్లకి స్పర్శ లేదు కదూ?"

"గైడ్ల ఆఫీసులో చెప్పకక్కా, పనిలోంచి తీసేస్తారు. కావాలంటే ఇంకో అరగంట నిలబడతాను."

"కూర్చోరా. నిలబడింది చాలు."