రెండొందల పన్నెండో నంబరు పిన్ను

ఒహాయోలోని ఒక కాలేజీ ఊళ్లో, విద్యార్థుల అన్నదమ్ముల సంఘాలకీ అక్కచెల్లెళ్ల సంఘాలకీ కట్టిన మ్యూజియం. గాజు బీరువా ముందు డ్వేన్, అతని భార్య ఆర్లీన్. పెళ్లయి యాభై ఆరేళ్లు.

“ఎక్కడికా పరుగు డ్వేన్? ఇటొచ్చి ఇది చూడు.”

“చూశాలే. టోపీలు, సంఘాల గుర్తులు చెక్కిన తెడ్లు, గ్రూపు ఫొటోలు. కాళ్లు లాగుతున్నాయే ఆర్లీన్.”

“ఆ ఫొటోల్లో జుట్టున్నవాణ్ణి నువ్వని పోల్చుకోలేకపోయాను. సరేగానీ, చొక్కాకి పెట్టుకునే ఈ పిన్ను మీ సంఘానిదేగా?”

“మాదే. అయితే?”

“కింద అద్దం పెట్టారు, వెనక సభ్యుడి నంబరు కనిపిస్తోంది. చదువు.”

“కళ్లజోడు కార్లో ఉంది.”

“నీ నెత్తి మీదుంది. చదువు.”

“రెండొందల... పన్నెండు.”

“నీ నంబరెంత?”

“ఎప్పటి మాట! ఎవరికి గుర్తు?”

“గారేజీ తాళానికీ, సూట్‌కేసుకీ అదే నంబరు పెట్టుకుని, గుర్తులేదంటావేం?”

“సరే, నాదే.”

“కాలేజీ చెరువులో పడిపోయిందన్నావు! చెరువులోంచి ఈదుకుంటూ వచ్చి బీరువా ఎక్కిందా?”

“చేప మింగిందేమో.”

“చాల్లే వేళాకోళం. అప్పట్లో అబ్బాయి తన పిన్ను అమ్మాయికి పెట్టాడంటే సగం పెళ్లయినట్టే; ఆ రాత్రి అతని సంఘంవాళ్లంతా వచ్చి ఆ అమ్మాయి కిటికీ కింద పాడాల్సిందే. మా సంఘం ఇంట్లో ఇరవై ముగ్గురం. మిగతా అందరి కిటికీల కిందా మీవాళ్లు నిలబడి పాడారు. నా కిటికీ కింద ఒక్కడు నిలబడ్డాడా?”

“ఉంగరం పెట్టాగా.”

“ఉంగరం మాటెత్తకు. పిన్ను ఎవరికివ్వాలనుకున్నావు? నా స్నేహితురాలు గ్లెండాకేగా?”

“గ్లెండా ఎవరు?”

“అబ్బో! డాన్సు రోజు సాయంత్రమంతా దాని చెవిలో గుసగుసలాడింది ఎవరో?”

“ఏదో పాట గురించిలే. ఇంతకీ పిన్ను ఇచ్చిందెవరట? ఆ చీటీ చదువు.”

“పేరు... పేరు చెప్పలేదట.”

“ఓహో. ఎవరో మరి.”

“అలా చూడకు.”

“ఎలా చూశాను?”

“నేనే! నేనే ఇచ్చాను, చాలా? ఆ రోజు చొక్కా మీంచి తీసి కోటు జేబులో వేసుకున్నావు. గ్లెండాకి పెట్టేస్తావని భయమేసి, నీతో డాన్సు చేస్తూ చేస్తూ కొట్టేశాను.”

“అమ్మ దొంగా!”

“ఇన్నేళ్లూ గుండీల డబ్బా అడుగున దాచాను. ఇవాళ చెప్పేద్దామనే నిన్నిక్కడికి లాక్కొచ్చాను. నిజం చెప్పు డ్వేన్. పిన్ను పోకపోయుంటే గ్లెండానే చేసుకునేవాడివా? యాభై ఆరేళ్లుగా ఇదే దొలిచేస్తోంది. నాకు ఏడుపొస్తుంటే నవ్వుతావేం?”

“గ్లెండాని నేనడిగింది, నీకు ఏ పాటంటే ఇష్టమని. నీ కిటికీ కింద పాడ్డానికి ఇరవై మందిని పోగుచేసుకున్నా.”

“నా... నా కిటికీ కిందా? మరి చెరువులో పడిందని ఎందుకన్నావు?”

“మరేమనను? పాడాల్సిన వాళ్లంతా పిన్నేదిరా అని మీద పడితే, దొంగ పేరు చెప్పనా?”

“అంటే... నేను తియ్యడం నువ్వు...”

“ఆ కోటు నా ఒంటిమీదే ఉందే, పిచ్చిదానా! నేనడక్కముందే పిన్ను తీసుకున్నావంటే ఒప్పేసుకున్నట్టేననుకుని, మర్నాడే వెళ్లి ఉంగరం తెచ్చా.”