గురువారపు గొడుగులు

పోర్టోలో వాన పడుతున్న ఒక గురువారం ఉదయం. గొడుగులు బాగుచేసే ముసలి అబీలియు దుకాణం. బల్లకు ఇవతల, కెమెరా పక్కన ఇడలీనా.

“పన్నెండులోపు చెప్పాలా?”

“పన్నెండులోపు, అబీలియు గారూ. లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారట. విభాగం పెద్ద తనే ఫోను చేస్తానన్నాడు. నన్ను చూడకండి, గొడుగు చూసుకోండి.”

“చూపు గొడుగు మీదే ఉంది. చెవి నీ మీద. ముందు కూర్చో. వచ్చినప్పటినుంచి నాలుగుసార్లు లేచావు.”

“కూర్చున్నాను.”

“లెక్క వేద్దాం. మళ్ళీ ఆ కొయింబ్రా యూనివర్సిటీలోనేగా ఉద్యోగం? ఇదివరకు అక్కడ ఎన్నేళ్ళు చెప్పావు పాఠాలు?”

“పదకొండు.”

“మనుషుల గురించి మనుషులకే పాఠాలు. విన్నారా?”

“పరీక్షలుంటాయి కాబట్టి విన్నారు.”

“గిరాకీ ఉన్న సరుకు! అది వదిలేసి సినిమాల్లో దిగావు. మొదటిది, పాముచేపలు పట్టేవాళ్ళ మీద. చూసినవాళ్ళు?”

“మొదటిరోజు హాల్లో తొమ్మిదిమంది.”

“అందులో మీ చుట్టాలు?”

“నలుగురు. ఇంకొకాయన వాన తగ్గేదాకా కూర్చున్నాడు.”

“అయితే వాన నీకూ బేరం తెస్తుందన్నమాట. రెండోది?”

“రెండోది ఎందుకులెండి.”

“లెక్కంటే అన్నీ రావాలి.”

“కొండ ఊళ్ళో ఉమ్మడి రొట్టెల పొయ్యి. మూడేళ్ళు తీశాను. సగంలో ఊరివాళ్ళు ఇక వద్దని పొయ్యి ఆర్పేశారు. సినిమా అక్కడే ఆగిపోయింది. మీకు తెలుసు కదా.”

“తెలుసు. ఇది మూడోది, ఐదేళ్ళుగా నా దుకాణం. ఐదేళ్ళు పెట్టి కొంటావు, గంటన్నర అమ్ముతావు. ఇలాంటి బేరగత్తెను మా నాన్న గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు, డాక్టరమ్మా.”

“డాక్టరమ్మా అనొద్దన్నానా? పోయినవారం గొడుగు తెచ్చిన జులీతా గారు నాకు మోకాలు చూపించింది.”

“పెద్ద చదువు చదివినవాళ్ళని ఇక్కడ మరేమంటారు? ఏం చెప్పావు మోకాలికి?”

“వేడినీళ్ళ కాపడం పెట్టుకోమన్నాను. ఇవాళ వస్తుందా ఆవిడ?”

“వస్తుంది, పదిన్నరకి.”

“మీకెలా తెలుసు?”

“అంటే... వస్తే పదిన్నరకి వస్తుంది, అని.”

“ఆ ఎర్రపిడి గొడుగు నాలుగుసార్లు తెచ్చింది. నాలుగుసార్లూ అదే ఊచ విరిగింది. ఎడిటింగులో చూశాను.”

“కొందరి చేతిలో గొడుగు నిలవదమ్మా. కాఫీ తాగుతావా?”

“ఇప్పుడేగా తాగాం. వినండి. ఉద్యోగం వద్దనడానికి నా దగ్గరున్న కారణం ఒక్కటే, ఈ సినిమా. వచ్చే నెల లిస్బన్‌లో వేస్తామన్నారు. మొదట్లో తెరమీద ఒక్క వాక్యం రాస్తున్నాను. ‘ఈ ఊళ్ళో గొడుగులు బాగుచేసే ఆఖరి దుకాణం ఇది. రోజూ తెరిచే ఉంటుంది.’”

“రోజూ ఎందుకు?”

“ఏంటి?”

“అక్కడ రోజూ అని ఎందుకు? తీసెయ్యి. దుకాణం అని రాసి ఊరుకో.”

“ఆ ఒక్క మాటే కదండీ సినిమా అంతా! ఎవరూ రాకపోయినా మీరు తలుపు తీయడం. నేను దేన్నీ ముట్టుకోలేదు, కుర్చీ కాస్త జరపండని కూడా అనలేదు. ఉన్నది ఉన్నట్టు. నాకున్న పేరల్లా అదే, ఆ తొమ్మిదిమందిలోనే అయినా సరే.”

“ఆ యంత్రం ఆపు.”

“ఎందుకు?”

“ఆపమ్మా ముందు.”

“ఆపాను. చెప్పండి.”

“జులీతా మా వదిన.”

“వదినైతే గొడుగు తేకూడదా?”

“ఆ ఊచ విరిచేది నేనే. బుధవారం సాయంత్రం విరిచి, ఆమె చేతికిస్తాను.”

“మీరా? ఎందుకు?”

“నువ్వొచ్చినప్పుడు ఒక్క బేరమైనా తగలాలి కదా. నీ స్నేహితురాలు ఆ కెమెరా గురువారాలే ఇస్తుందాయె. అంత బరువు వానలో మోసుకొస్తావు. ఖాళీ కొట్టు చూపించి పంపమంటావా?”

“మరి మిగతా రోజులు?”

“మిగతా రోజులు... నువ్వు మొదటిసారి వచ్చినప్పుడు ఇదే కుర్చీలో కూర్చుని పొయ్యి ఆరిపోయిందని ఏడ్చావు, గుర్తుందా?”

“అబీలియు గారూ, మిగతా రోజులు?”

“అది ఆరిపోయింది. నా కొట్టూ సగంలో మూస్తే? ఒక మనిషికి ఒకేరకం నష్టం రెండుసార్లు రాకూడదు. మా వ్యాపారంలో అది పాపం.”

“మూసేశారా?”

“రెండేళ్ళయింది.”

“రెండేళ్ళా!”

“గురువారాలు మాత్రం తెరుస్తున్నాను. నీ ఒక్కదానికోసం.”

“ఐదేళ్ళలో ఒక్క నిజం చెప్పారు. అదీ కెమెరా ఆపించి!”

“తిట్టు. ఎంతైనా తిట్టు. తిట్టేసి కొయింబ్రా వెళ్ళిపో, పాఠాలు చెప్పుకో. అదిగో, ఫోను మోగుతోంది.”

“మోగనివ్వండి.”

“ఎత్తమ్మా. పన్నెండు దాటితే ఇంకొకరికి ఇచ్చేస్తారు.”

“కెమెరా ఈ వారం తిరిగి ఇవ్వను, నా స్నేహితురాలు ఎంత అరిచినా సరే. అబీలియు గారూ, రేపు శుక్రవారం. శుక్రవారాలు మీరు ఏం చేస్తుంటారు?”