రోలర్ల దగ్గర విన్న మాట

సాయంత్రం జర్మన్ క్లాసు మొదటి రోజు ముగిసింది. గదిలో టీచరు, క్లాసు మధ్యలో లేచి వెళ్ళి ఇప్పుడు తిరిగొచ్చిన పెద్దాయన మాత్రమే ఉన్నారు. ఆయన కాగితం మిల్లులో రోలర్లు నడుపుతారు.

"బస్సుకు టైమైందమ్మా, అందుకే లేచాను."

"టైమైనవారు గంటసేపు వరండాలో కూర్చుంటారా బాబాయ్ గారూ? పెద్దవారని మొదటి ప్రశ్న మిమ్మల్నే అడిగాను. దానికే లేచి వెళ్ళిపోతే జర్మనీ వెళ్ళాలని క్లాసులో చేరిన ఆ నర్సు పిల్లలు నన్ను రాక్షసి అనుకోరూ?"

"మీ తప్పేం లేదు. నాకే... నీళ్ళు తాగుదామని."

"ఇందాక బస్సన్నారు."

"బస్సే. నీళ్ళు కూడా."

"సరే. ఆ ప్రశ్నకు అర్థం చెప్తాను, వినండి..."

"వద్దు. వద్దమ్మా. ఇప్పుడే చెప్పకండి."

"నేర్చుకోడానికి వచ్చి అర్థం వద్దంటారేంటి?"

"ఆ మాట నేనిదివరకే విన్నాను. వీ హైసెన్ జీ. అంతేనా?"

"అచ్చం అంతే. మా పిల్లలకు నెల పడుతుంది అలా పలకడానికి. ఎవరు నేర్పారు?"

"మా మిల్లులో కొత్త రోలర్లు బిగించడానికొచ్చిన జర్మన్ ఫిట్టరు. ఆరేళ్ళైంది. నేర్పలేదులెండి. నా చెయ్యి పట్టుకుని రెండుసార్లు అన్నాడు. తర్వాత పోయాడు."

"పోయాడంటే?"

"రోలర్ల మధ్య మనిషుండగా స్విచ్ పడింది."

"అయ్యో. ఎవరు వేశారు?"

"డ్యూటీలో నేనే ఉన్నాను. లోపలికి దిగేవాడు స్విచ్‌కి ఎర్రబోర్డు తగిలించి దిగాలి. అది రూలు. మావాళ్ళేమో పనయ్యాక దాన్ని తీయరు. వారాల తరబడి ఊరికే వేలాడుతుంటుంది. అలవాటైపోయి ఎవరూ లెక్కచేయరు."

"మరి ఆ రోజు?"

"ఆ రోజు... బోర్డు లేదని తేల్చారు. ఆయనే తగిలించడం మరిచిపోయాడని విచారణలో రాశారు. వాళ్ళావిడకి కూడా అదే రాసి పంపారట."

"అలాంటప్పుడు మీరేం చేస్తారు బాబాయ్ గారూ? మీ తప్పేముంది?"

"అందరూ అదే అంటారు."

"ఆరేళ్ళుగా ఆ మాటకు అర్థం ఎవర్నీ అడగలేదా?"

"భయమమ్మా. తిట్టుంటాడు, శపించుంటాడు అనుకున్నాను. రోజూ రోలర్లు తిరగడం మొదలవగానే అదే వినిపిస్తుంది. నిద్రలో నేను అంటుంటే విని విని మా ఆవిడకు కూడా నోటికొచ్చేసింది. వచ్చే నెల రిటైరవుతున్నాను. రోలర్ల చప్పుడు పోతుంది, ఇంట్లో ఇక ఆ మాటొక్కటే మిగులుతుంది. అందుకని వచ్చాను. ఏ ఏడాదికో ఆ మాట దాకా వస్తాం, అప్పటికి గుండె చిక్కబట్టుకోవచ్చులే అనుకున్నాను. మీరేమో మొదటిరోజే, నా ముఖం మీదే అడిగేశారు."

"అది తిట్టు కాదు. చెప్పమంటారా?"

"ఉండండమ్మా, కూర్చుంటాను."

"బాబాయ్ గారూ?"

"చెప్పండి."

"మీ పేరేంటి అని."

"పేరా?"

"పేరే."

"నా పేరా? చచ్చిపోతూ నా పేరెందుకమ్మా ఆయనకి?"

"పక్కనున్న మనిషి ఎవరో తెలిస్తే ధైర్యంగా ఉంటుందనేమో. మీరేం చేశారు?"

"చెయ్యి విడిపించుకున్నాను."

"పోనీలెండి. భాష తెలీదు కదా, మీరు మాత్రం ఏం చెప్తారు? కళ్ళు తుడుచుకోండి. ఇక ఇంటికెళ్ళి హాయిగా పడుకోండి."

"వాళ్ళావిడ అడ్రసు నా దగ్గరుందమ్మా. ఉత్తరం రాయాలి."

"దాందేముంది, మీరు చెప్పండి, నేను జర్మన్‌లో రాసిపెడతాను."

"వద్దు. నా చేత్తో నేనే రాయాలి. ముందు 'నా పేరు ఫలానా' అనడం నేర్పండి. 'బోర్డు తీసింది నేనే' అనడం రెండో పాఠంలో నేర్పుదురుగాని."