కాగితానికి వెనకవైపు

పిల్లల లింగ గుర్తింపు గురించి కౌన్సెలర్లకు శిక్షణ అయిన రెండు వారాలకు, దానికి హాజరైన పెద్దాయన కౌన్సెలింగ్ గదికి వచ్చింది ఆ శిక్షణ ఇచ్చినామె. ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. ఆ రోజు రావలసిన పదహారేళ్ల బిడ్డ రాలేదు.

"పోయినసారి ఏం అడిగారు సార్?"

"నువ్విచ్చిన కాగితంలో ఉన్నదే. 'అబ్బాయిగా పిలవమంటావా, అమ్మాయిగా పిలవమంటావా?' అని."

"అప్పుడు గదిలో ఎవరున్నారు?"

"వాళ్ల నాన్న."

ఆమె తల పట్టుకుంది. "నాన్న ఎదురుగానా! బిడ్డ సంగతి ఇంట్లో తెలియదని బడి టీచరు చీటీ రాశారు కదా!"

"రాశారు. కానీ మొదట అడగాల్సింది ఇదేనన్నావు. ముప్పై ఏళ్ల అలవాటు పక్కన పెట్టి, కాగితం చూసి నడుచుకోమన్నావు. నడుచుకున్నాను."

"బిడ్డ ఏమంది?"

"నోరు విప్పలేదు. నాన్నే రెక్క పట్టుకుని లాక్కెళ్లాడు."

"అయ్యో సార్! పెద్దవాళ్లను బయటికి పంపాకే అడగాలని వెనకవైపు పెద్దక్షరాల్లో ఉంది. ఒక్కసారి తిప్పి చూడాల్సింది!"

ఆయన కాగితం తిప్పి ఆమె ముందు పెట్టాడు. వెనకవైపు తెల్లగా ఉంది. శిక్షణ రోజు పొద్దున హడావిడిగా ఒకవైపే జిరాక్స్ తీయించింది ఆమే.

"ఎంతమందికి పంచావమ్మా?"

"నలభై మందికి."

"అయితే ముప్పై తొమ్మిది మందికి ఫోన్ చెయ్యి. బిడ్డ ఎలా ఉందో కనుక్కోవడానికి టీచరుకు నేను చేస్తాను. చీటీ చదివి కూడా అడిగినవాణ్ణి నేనే."