జునెలిన్ మాట విని తెరుచుకున్నవన్నీ

ఈ సంగతి జునెలిన్ ఎవరికీ నోరు తెరిచి చెప్పలేదు, ఫోన్లో అమ్మకి కూడా. "సోమవారం పిల్లల అమ్మానాన్నలు పాఠం చూడ్డానికొస్తారు కదా, చివరి పది నిమిషాలూ మీరే చెప్పండి, నేను వెనక నిలబడతాను" అని ఇసొగాయ్ మాస్టారు అన్నప్పుడు ఆమెకి సంతోషం వెయ్యలేదు. భయమేసింది.

రెండేళ్ళుగా జపాన్లో, సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊరి హైస్కూల్లో ఆమె ఉద్యోగం ఒకటే. నల్లబల్ల పక్కన నిలబడి, మాస్టారు వేలు పెట్టిన చోట ఇంగ్లీషు వాక్యం చదవడం, పిల్లలు దాన్ని తిరిగి అనడం. కాళ్ళూ చేతులూ ఉన్న టేపురికార్డరు. ఎప్పుడైనా హాస్యమాడితే మాస్టారు దాన్ని ఓపిగ్గా జపనీసులోకి మార్చేవారు, అక్కడికి చేరేసరికి అందులో హాస్యం ఉండేది కాదు. "ఒక్క పాఠం నా చేతికిచ్చి చూడమను" అని ఊరంతా వినేలా సణిగింది తనే. తీరా ఇస్తానంటే, ఆలోచించి చెప్తానండీ అని జారుకుంది. శనివారం సాయంత్రం లోపల చెప్పండి, లేకపోతే ఎప్పటి పాఠమే కానిద్దాం అన్నారాయన.

శనివారం మధ్యాహ్నం అయింది. బయట వాన. జునెలిన్ ఫుసాయో అట్ల కొట్లో ఇనపపెనం ముందు కూర్చుని, చెప్పాల్సిన ఆ ఒక్క మాట తప్ప లోకంలో ఉన్నవన్నీ చెబుతోంది.

వినేవాళ్ళు ఇద్దరు. అర్సెలీ కూడా ఆమెలాగే ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి పక్క ఊళ్ళో చిన్నపిల్లల బడిలో పని చేస్తోంది, జునెలిన్‌ని అక్కా అంటుంది. తొకుజి సముద్రంలో తెప్పలు కట్టి ఆల్చిప్పలు పెంచుతాడు, వాన పడితే ఇక్కడే ఉంటాడు, పడకపోయినా ఇక్కడే ఉంటాడు. ముసలి ఫుసాయో పెనం వెనక క్యాబేజీ తరుగుతోంది.

కథ చిన్నగానే మొదలైంది. మొన్న గురువారం మాస్టారికి జలుబు చేసి గొంతు పోయిందట, క్లాసు తన మీద పడిందట.

"రోజూ అయితే నేను 'కిటికీ తెరువు' అని చదవడం, ముప్ఫైమందీ 'కిటికీ తెరువు' అని మళ్ళీ నా మొహానే కొట్టడం. మొన్న చదివానా, ఒక్కరూ నోరు మెదపలేదు. ఒక పిల్ల లేచి, వెళ్ళి, కిటికీ తెరిచింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

అర్సెలీ తెలియదంది. తెలియకపోవడానికే ఆమెని వెంటబెట్టుకొస్తుంది జునెలిన్.

గదిలో కిటికీలన్నీ తెరుచుకున్నాయట. తెరిచిన కిటికీలోంచి మాట బయటికి పోదా మరి, పోయిందట, పై అంతస్తులో కిటికీలూ తెరుచుకున్నాయట, హెడ్మాస్టరు గదిలో ఒకటుంది, రంగులేసినప్పుడు అతుక్కుపోయింది, వడ్రంగి వచ్చి దణ్ణం పెట్టి పోయాడు, అది కూడా టప్పున తెరుచుకుని ఆయన బల్ల మీది కాగితాలన్నీ ఆటస్థలంలోకి ఎగిరాయట, ఆయన వాటి వెనకాల గదిలో వేసుకునే చెప్పులతోనే మట్టిలోకి పరిగెత్తారట. లోపలి చెప్పులతో గడప దాటడమే అక్కడ తప్పు, అలాంటిది మార్చుకోకుండా! ఇది చెప్పేటప్పుడు జునెలిన్ గొంతు తగ్గించింది, ఇంత ఘోరం పైకి అనకూడదన్నట్టు.

మా ఇంటి కిటికీ తెరుచుకోలేదే అన్నాడు తొకుజి.

"నువ్వు ఇంట్లో ఉంటే కదా తెలిసేది" అంది ఫుసాయో, తలెత్తకుండా.

జునెలిన్‌కి ఊపొచ్చింది. మాట రేవు దాకా వెళ్ళిందట. దీవికి బయల్దేరిన పడవలో అద్దాలన్నీ తెరుచుకుంటే, జనమంతా తలలు బయటపెట్టి, ఎందుకు పెట్టామో తెలియక ఒకరికొకరు వంగి నమస్కారాలు చేసుకున్నారట. పడవ దాటితే సముద్రం, సముద్రంలో తెప్పలు, తెప్పల కింద వేలాడే ఆల్చిప్పలు, లక్షల ఆల్చిప్పలు, అన్నీ ఒక్కసారి నోళ్ళు తెరిచాయట.

తొకుజి గ్లాసు కింద పెట్టాడు. "ఆల్చిప్పకి కిటికీ ఎక్కడిది టీచరమ్మా?"

"ఆ సంగతి వాటికి తెలియాలి కదా. వాటి ఇంగ్లీషు అంతంతమాత్రం. 'తెరువు' దాకా అర్థమైంది, మిగతాది వదిలేశాయి."

"పెంచేవాణ్ణి, నాకు తెలియలేదేం?"

"నువ్వెళ్ళేసరికి సిగ్గుపడి మూసుకున్నాయి."

అర్సెలీకి పొలమారింది. జునెలిన్ అట్టు కోసే రేకు ఎత్తి కప్పు వైపు చూపించింది. ఇక కింద తెరవడానికేమీ మిగల్లేదట. మాట పైకి పోయిందట. ఆకాశం కూడా తెరుచుకుందట. గురువారం మొదలైన వాన, ఇవాళ్టికీ ఆగిందేమో మీరే చూడండి అంది. వానలు మొదలయ్యాయని రేడియోలోనే చెప్పారు కదా అని తొకుజి అంటే, వాళ్ళకి నా పేరు చెప్పడం మొహమాటం అంది.

ఫుసాయో అట్టు తిరగేసి, అంచులు నొక్కి, అప్పుడు మాట్లాడింది. ఆమె మనవరాలు చినాత్సుది ఆ క్లాసే, కూర్చునేది ఆ కిటికీ పక్కనే.

"మా పిల్ల ఇంకోలా చెప్పింది. మీరు చదివారట. వీళ్ళు తిరిగి అన్నారట. మీరు మళ్ళీ చదివి కిటికీ వైపు చెయ్యి చూపించారట. వీళ్ళు మళ్ళీ అన్నారట. ఆఖరికి మీరే వెళ్ళి తెరుచుకున్నారట."

పెనం చుంయిమంది. తొకుజి మర్యాదగా గ్లాసులోకి చూశాడు. జునెలిన్ చెవులు కాలాయి. అది వేరే క్లాసు అనబోయింది కానీ, నోట్లోంచి వచ్చింది ఇంకోటి. "నవ్వుకున్నారా?"

"నవ్వడానికేముంది. మా పిల్ల లేవబోయిందట. అనాలో తెరవాలో ఎవరూ చెప్పలేదు అమ్మమ్మా అంది. సగం లేచేసరికి మీరే తెరిచేశారట, మళ్ళీ కూర్చుందట. ఇంట్లో మూడు రోజులుగా అదే గొడవ, లేవాల్సింది, లేవాల్సింది అని."

ఆల్చిప్పల్నీ ఆకాశాన్నీ ఒప్పించిన జునెలిన్‌కి ఇది ఊహకి కూడా అందలేదు. అప్పుడు పిల్లల వైపు వీపు పెట్టి, కిటికీ గడియతో కుస్తీ పడుతోంది తను. వెనక ఒక పిల్ల సగం లేచి నిలబడి ఉంది.

ఆల్చిప్పల ముక్క మాత్రం బాగుందని తొకుజి ఓదార్చాడు. అట్టు చల్లారిపోతోందక్కా అంది అర్సెలీ. నువ్వు తినెయ్యమని, జునెలిన్ ఫోన్ తీసుకుని చూరు కిందికి వెళ్ళింది.

ఇసొగాయ్ మాస్టారు శనివారం భోంచేసి ఓ కునుకు తీస్తారని బళ్ళో అందరికీ తెలుసు. లేపుదామనుకుంది. లేపి, పది నిమిషాలు కాదు, పావుగంట అడుగుదామనుకుంది.